ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగితే: మొదటి గంట నుంచి చట్టప్రకారం ఏం చేయాలి

ర్యాన్సమ్‌వేర్ అంటే మీ ఫైల్స్‌ను లాక్ చేసి, తెరవాలంటే డబ్బు (ర్యాన్సమ్) కట్టమనే హానికర ప్రోగ్రామ్. అది స్క్రీన్ మీద వదిలే బెదిరింపు సందేశాల్లో, అంటే ర్యాన్సమ్ నోట్లలో, అడిగే మొత్తం మారుతుంది, గడువు మారుతుంది, కానీ ఒక హెచ్చరిక మాత్రం చాలావాటిలో కనిపిస్తుంది: పోలీసులకు చెప్పొద్దు, చెబితే మీ డేటా అంతా బయటపెడతాం అని. ఫైల్స్ అన్నీ లాక్ అయి, పని ఆగిపోయి, కస్టమర్ల ఫోన్లు మోగుతూనే ఉన్న టెన్షన్‌లో ఆ మాట చదివి నిజంగానే నోరు మెదపనివాళ్లు చాలామంది. నేను ఇది రాస్తున్నది వాళ్ల కోసమే. దాడి చేసినవాడిని శిక్షించే చట్టాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, అది అందరికీ తెలుసు. దెబ్బతిన్న మీ మీద కూడా చట్టం కొన్ని బాధ్యతలు పెట్టిందనీ, వాటికి గంటల్లో లెక్కపెట్టే గడువులు ఉన్నాయనీ, ఆ లెక్క మీరు సంగతి గమనించిన క్షణం నుంచే మొదలుకావచ్చనీ చాలామందికి తెలియదు. తెలియక ఆగిపోయినవాళ్లు రెండోసారి నష్టపోతారు, ఈసారి జరిమానాల రూపంలో.

ముందు సాక్ష్యం కాపాడండి

నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి, కానీ సిస్టమ్‌ను వెంటనే షట్‌డౌన్ చేయకండి. మెమరీలో ఉన్న సమాచారం కరెంటు పోగానే పోతుంది, కొన్నిసార్లు దాడి చేసిన ప్రోగ్రామ్ ఆనవాళ్లు, అరుదుగా ఫైల్స్ లాక్ తెరిచే కీ ముక్కలు కూడా అందులోనే ఉంటాయి. ఫైల్స్ ఇంకా లాక్ అవుతూనే ఉన్నాయి, ఆపడానికి వేరే దారి లేదు అనుకుంటే అప్పుడు ఆపేయండి, ఎందుకు ఆపారో రాసిపెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, కంగారులో ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేయకండి. పని త్వరగా మొదలవ్వాలన్న తొందరలో ఐటీ టీమ్‌లు చేసే మొదటి పని ఇదే, దాంతో కేసుకు కావాల్సిందంతా తుడిచిపెట్టుకుపోతుంది.

నోట్ ఉన్న స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. నోట్ ఫైల్‌ను, లాక్ అయిన ఫైల్స్ నాలుగైదింటిని, డబ్బు పంపమన్న క్రిప్టో వాలెట్ అడ్రస్‌ను, వాళ్లిచ్చిన ఈమెయిల్ లేదా చాట్ లింక్‌ను విడిగా భద్రపరచండి. ఫైర్‌వాల్, వీపీఎన్, మెయిల్ సర్వర్ లాగ్స్‌ను వేరే చోటికి కాపీ చేయండి, ఎందుకంటే చాలా పరికరాల్లో పాత లాగ్స్ మీద కొత్తవి వచ్చి పడిపోతాయి. ఒక నోట్‌బుక్ తీసుకుని పెన్నుతో టైమ్‌తో సహా రాయడం మొదలుపెట్టండి: మొదట ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, ఎవరికి చెప్పారు, ఆ తర్వాత ఏం చేశారు. లాప్‌టాప్‌లో రాసుకుంటే అది కూడా లాక్ అయ్యే ప్రమాదం ఉంది. మీరు ఎప్పుడు గమనించారన్న ప్రశ్నకు తర్వాత ప్రతి అధికారికీ జవాబు ఇచ్చేది ఈ నోట్‌బుక్కే.

డిస్క్ ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి అచ్చు నకలు, తీసేటప్పుడు హ్యాష్ వాల్యూ రాసుకోవడం మర్చిపోవద్దు. హ్యాష్ అంటే డిస్క్‌లో ఉన్న మొత్తం సమాచారాన్ని లెక్కగట్టి తేల్చే ఒక పొడవాటి అక్షరాల వరుస, లోపల ఒక్క అక్షరం మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. కాబట్టి ఏడాది తర్వాత కోర్టులో మళ్లీ లెక్కగడితే అదే వరుస రావాలి, వస్తే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. భారత్‌లో భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి ఆ పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లది, రెండోది నిపుణుడిది. ఫారంలోనే హ్యాష్ వాల్యూ ఎంత, ఏ పద్ధతిలో తీశారు (ఎస్‌హెచ్‌ఏ 256 లాంటివి) అని నింపే గళ్లు ఉంటాయి. ఇమేజ్ తీసిన రోజే ఈ వివరాలు రాసుకుంటే సరిపోతుంది, ఆరు నెలల తర్వాత వెతుక్కోవడం నరకం.

ఏ సెక్షన్ల కింద వస్తుంది

చాలా దేశాల ప్రధాన చట్టాల్లో ర్యాన్సమ్‌వేర్ అన్న మాట నేరం పేరుగా ఉండదు. అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి రావడం ఒక నేరం, డేటాను పాడుచేయడం ఇంకొకటి, హక్కు ఉన్నవాడికి అందకుండా అడ్డుకోవడం మరొకటి, బెదిరించి డబ్బు గుంజడం వేరొకటి, ఆ డబ్బును తిప్పడం మనీ లాండరింగ్. వీటిని కలిపి కేసు కడతారు. మొదట్లో అన్ని ముక్కలు కూడా ఉండేవి కావు. 1989లో జోసెఫ్ పాప్ అనే ఆయన ఎయిడ్స్ సమాచారం అంటూ ఫ్లాపీలు పోస్టులో పంపి, కంప్యూటర్లు స్తంభించాక పనామాలోని పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపమన్నాడు. బ్రిటన్‌లో ఆయన మీద బ్లాక్‌మెయిల్ కేసు పెట్టారు, విచారణ తట్టుకునే మానసిక స్థితిలో లేడని తేలడంతో అది ముందుకు సాగలేదు. ఆ దేశంలో కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం 1990లో వచ్చింది.

భారత్‌లో ఐటీ చట్టం 2000 సెక్షన్ 43 వైరస్ ప్రవేశపెట్టడం, నష్టం కలిగించడం, యాక్సెస్ అడ్డుకోవడం వంటివాటిని వరసగా చెబుతుంది. ఇవే పనులు దురుద్దేశంతో, మోసంతో చేస్తే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ శిక్ష చూసి ఇంతేనా అనిపించడం సహజం, అందుకే బెదిరించి డబ్బు అడిగిన సంగతి కంప్లైంట్‌లో స్పష్టంగా ఉండాలి. బలవంతపు వసూలుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద 7 ఏళ్ల దాకా శిక్ష పడుతుంది. దేశ భద్రతను దెబ్బతీసే ఉద్దేశం ఉంటే సెక్షన్ 66ఎఫ్, అంటే సైబర్ టెర్రరిజం, దానికి జీవిత ఖైదు దాకా ఉంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభించినప్పుడు ఢిల్లీ పోలీసులు బలవంతపు వసూలుతో పాటు సైబర్ టెర్రరిజం కింద కూడా కేసు పెట్టారు. దాడి చేసినవాడు విదేశంలో ఉన్నా, ఇక్కడి కంప్యూటర్ మీద దాడి జరిగితే సెక్షన్ 75 ప్రకారం ఈ చట్టం వర్తిస్తుంది. "వాడెక్కడో ఉన్నాడు, మేమేం చేస్తాం" అని ఎవరైనా మిమ్మల్ని వెనక్కి పంపబోతే ఈ సెక్షన్ చూపించండి. మా పరిధి కాదు అంటే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173 చూపించండి, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయాలని అందులో ఉంది. ఐటీ చట్టం కింద దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టర్ లేదా ఆ పై స్థాయి అధికారి.

అమెరికాలో కంప్యూటర్ ఫ్రాడ్ అండ్ అబ్యూజ్ చట్టంలో కంప్యూటర్‌ను అడ్డుపెట్టుకుని డబ్బు డిమాండ్ చేయడమే విడి నేరం. కాలిఫోర్నియా రాష్ట్రం 2016లో చేసిన సవరణలో ర్యాన్సమ్‌వేర్‌ను పేరుపెట్టి మరీ చేర్చింది, డబ్బు చేతికి అందకపోయినా అది పెట్టడమే శిక్షార్హం. విదేశంలో ఉన్నవాడు ఎప్పటికీ దొరకడు అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. కసేయా అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద జరిగిన ర్యాన్సమ్‌వేర్ దాడిలో భాగమైన యారొస్లావ్ వసిన్‌స్కీ అనే ఉక్రెయిన్ వ్యక్తి 2021లో పోలండ్‌లో దొరికాడు, 2024 మేలో అమెరికా కోర్టు 13 ఏళ్ల 7 నెలల జైలు వేసి 1.6 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

గడువులు: అసలు టెన్షన్ ఇక్కడ

ఎవరికి, ఎన్ని గంటల్లో చెప్పాలన్నది మీ ఆఫీసు ఎక్కడ ఉందన్న దాని మీదే ఆధారపడదు. మీ దగ్గరున్న డేటా ఎవరిది, మీది ఏ రంగం, స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్ట్ అయిన కంపెనీనా కాదా, ఇవన్నీ చూడాలి. ఒకే దాడికి మూడు నాలుగు గడువులు ఒకేసారి నడవొచ్చు.

భారత్‌లో 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ (సైబర్ దాడులను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంగతి గమనించిన లేదా తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి. ఇలా చెప్పాల్సిన ఘటనల జాబితాలో ర్యాన్సమ్‌వేర్ పేరుతో సహా ఉంది. 180 రోజుల లాగ్స్ భద్రపరచాలన్నది కూడా అందులోదే, దాడి జరిగాక దాన్ని పాటించలేరు కాబట్టి ఇప్పుడే సెట్టింగ్స్ చూసుకోండి. ఈ ఆదేశాలు పాటించకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఆ జరిమానా పరిమితిని 2023లో లక్ష రూపాయల నుంచి కోటికి పెంచారు. బ్యాంకులు, బీమా, స్టాక్ మార్కెట్ సంస్థలైతే తమ రెగ్యులేటర్‌కు కూడా విడిగా చెప్పాలి.

యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ఆర్టికల్ 33 కింద 72 గంటల్లో అక్కడి డేటా రెగ్యులేటర్‌కు చెప్పాలి, జనానికి పెద్ద ముప్పు ఉంటే వాళ్లకు కూడా చెప్పాలి. కీలక రంగాల సంస్థలకు నిస్-2 అనే ఇంకో చట్టం ఉంది, 24 గంటల్లో తొలి హెచ్చరిక, 72 గంటల్లో నోటిఫికేషన్, నెలలో తుది నివేదిక. అమెరికాలో లిస్టెడ్ కంపెనీలైతే దాడి ప్రభావం మదుపర్లకు ముఖ్యమైనదని తేల్చిన 4 పనిదినాల్లో స్టాక్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్‌ఈసీకి ఫారం వేయాలి. ఆస్ట్రేలియాది కొత్త పద్ధతి: 2025 మే 30 నుంచి, ఏటా 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల కంటే ఎక్కువ టర్నోవర్ ఉన్న వ్యాపారం ర్యాన్సమ్ కడితే 72 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి. అంటే అక్కడ డబ్బు కట్టిన సంగతి దాచడమే తప్పు.

"మా డేటా బయటికి పోలేదు కదా, లాక్ మాత్రమే అయింది, ఇది డేటా బ్రీచ్ ఎలా అవుతుంది?" చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. భారత డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో బ్రీచ్ నిర్వచనం చదవండి, వ్యక్తిగత డేటాకు యాక్సెస్ కోల్పోవడం కూడా అందులో ఉంది. యూరప్‌లోనూ డేటా అందుబాటులో లేకుండా పోవడాన్ని బ్రీచ్‌గానే చూస్తారు. అంటే ఒక్క ఫైలు కూడా లీక్ కాకపోయినా, రోగుల రికార్డులో ఉద్యోగుల వివరాలో తెరుచుకోకపోతే చాలు. భారత చట్టంలో సరైన భద్రత పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా, బ్రీచ్ సంగతి చెప్పకపోతే 200 కోట్ల దాకా జరిమానాలు రాసి ఉన్నాయి. దీని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు విడతలవారీగా అమల్లోకి వస్తున్నాయి కాబట్టి మీరు చదివే నాటికి ఏవి మొదలయ్యాయో మీ లాయర్‌తో చూసుకోండి.

ఆరు గంటల్లో మాకే ఏం తెలుస్తుంది, ఏం రాయాలి అంటారా? తెలిసింది తెలిసినంత రాయండి. ఎప్పుడు గమనించారు, ఏ సిస్టమ్స్ ఆగాయి, నోట్‌లో ఏముంది, మీరు ఇప్పటికి ఏం చేశారు, ఎవరిని సంప్రదించాలి, మిగతావి తర్వాత పంపుతామని రాస్తే చాలు. సర్ట్-ఇన్ కూడా అందుబాటులో ఉన్న సమాచారం ముందు ఇచ్చి మిగతాది తర్వాత ఇవ్వొచ్చనే చెబుతుంది. ఊహలు మాత్రం రాయకండి. ముఖ్యంగా "డేటా ఏదీ చోరీ కాలేదు" అన్న వాక్యం మొదటి రోజు ఎవరికీ రాసి ఇవ్వకండి, అధికారులకైనా కస్టమర్లకైనా. రెండు వారాల తర్వాత మీ ఫైల్స్ వాళ్ల లీక్ సైట్‌లో కనిపిస్తే ఆ వాక్యమే మీ మెడకు చుట్టుకుంటుంది. "చోరీ జరిగినట్టు ఇప్పటివరకు మాకు ఆధారాలు దొరకలేదు, పరిశీలన సాగుతోంది" అనండి, అది నిజమైతేనే.

డబ్బు కట్టొచ్చా

చాలా దేశాల్లో ప్రైవేటు సంస్థ ర్యాన్సమ్ కట్టడాన్ని నేరుగా నిషేధించే చట్టం లేదు. కట్టొద్దని మాత్రం పోలీసులు, సైబర్ ఏజెన్సీలు అన్నిచోట్లా గట్టిగా చెబుతాయి. నిషేధాలు ప్రభుత్వ సంస్థలతో మొదలయ్యాయి: అమెరికాలో నార్త్ కరొలైనా 2021లో, ఫ్లోరిడా 2022లో తమ ప్రభుత్వ విభాగాలు కట్టకూడదని చట్టం చేశాయి, నార్త్ కరొలైనాలో అయితే దాడి చేసినవాళ్లతో మాట్లాడటానికి కూడా వీల్లేదు. బ్రిటన్ ప్రభుత్వం కూడా ప్రభుత్వ రంగానికి, కీలక మౌలిక సదుపాయాలకు ఇలాంటి నిషేధం తెస్తామని 2025 జులైలో ప్రకటించింది.

ప్రైవేటువాళ్లకు అసలు ప్రమాదం ఆంక్షల చట్టాల్లో ఉంది. అమెరికా ట్రెజరీలోని ఓఫాక్ అనే విభాగం ఆంక్షల జాబితాలో పెట్టినవాళ్లకు డబ్బు పంపితే, మీరు అమెరికా చట్టం పరిధిలోకి వచ్చేవాళ్లైతే, వాళ్లెవరో మీకు తెలియకపోయినా బాధ్యత మీదే. ఈవిల్ కార్ప్ ముఠాను 2019 డిసెంబరులోనే ఆ జాబితాలో పెట్టారు, ఆ తర్వాత ఇలాంటి ముఠాలు పేర్లు మార్చుకుంటూ దాడులు చేస్తూనే ఉన్నాయి, కాబట్టి నోట్‌లో ఉన్న పేరు చూసి ధైర్యం తెచ్చుకోవడానికి లేదు. బేరమాడి పెట్టే కంపెనీలకూ, డబ్బు పంపించి పెట్టే సంస్థలకూ ఇదే వర్తిస్తుంది. 2021 సెప్టెంబరులో ఓఫాక్ ఇచ్చిన సూచనలో ఒక ఊరట ఉంది: వెంటనే పోలీసులకు చెప్పి పూర్తిగా సహకరిస్తే, తర్వాత ఉల్లంఘన బయటపడినా దాన్ని మీకు అనుకూలంగా లెక్కలోకి తీసుకుంటారు.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకునేవాళ్లు పాలసీ కాగితాలు ఈరోజే తీసి చదవండి. ముందుగా చెప్పకుండా కట్టినా, వాళ్లు ఒప్పుకోని ఫోరెన్సిక్ కంపెనీని పెట్టుకున్నా క్లెయిమ్ తిరస్కరించే షరతులు చాలావాటిలో ఉంటాయి.

నా అభిప్రాయం అడిగితే కట్టొద్దు. చట్టం సంగతి అటుంచి, కట్టినా చేతికి వచ్చేదానికి గ్యారంటీ లేదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఆసుపత్రుల బిల్లులు, చెల్లింపులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ మీద దాడి జరిగాక మాతృసంస్థ 2.2 కోట్ల డాలర్లు కట్టింది, ముఠాలో పంపకాలు తేడా వచ్చి అదే డేటాతో ఇంకో ముఠా మళ్లీ డబ్బు అడిగింది. అదే నెలలో బ్రిటన్ నేర దర్యాప్తు సంస్థ ఎన్‌సీఏ మరికొన్ని దేశాల పోలీసులతో కలిసి లాక్‌బిట్ అనే ర్యాన్సమ్‌వేర్ ముఠా సర్వర్లను పట్టుకున్నప్పుడు, డబ్బు కట్టిన బాధితుల డేటా కూడా అక్కడ చెరిపేయకుండా అలాగే ఉంది. డిలీట్ చేశామన్న మాటకు వాళ్లు ఇచ్చిన విలువ అంత. ప్రాణాలు ప్రమాదంలో ఉన్న ఆసుపత్రి లాంటి చోట నిర్ణయం నిజంగా కష్టం, అలాంటప్పుడు కూడా లాయర్, పోలీసులు ఇద్దరూ గదిలో ఉండగా తీసుకోవాల్సిన నిర్ణయమే అది, రాత్రికి రాత్రి ఒక్కరు తీసుకునేది కాదు.

చెబితే ఏమొస్తుంది, దాస్తే ఏమవుతుంది

అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ 2021 మేలో 75 బిట్‌కాయిన్లు కట్టింది, కానీ ఎఫ్‌బీఐకి త్వరగా చెప్పింది. నెల తిరిగేసరికి అందులో 63.7 బిట్‌కాయిన్లను అమెరికా అధికారులు వెనక్కి లాగారు. హైవ్ ముఠా కథ ఇంకా పెద్దది. ఎఫ్‌బీఐ 2022 జులై నుంచి వాళ్ల నెట్‌వర్క్‌లో దూరి కూర్చుని, అప్పుడే దాడిలో చిక్కుకున్న 300 మందికి పైగా బాధితులకు రహస్యంగా కీలు ఇచ్చింది, 13 కోట్ల డాలర్ల ర్యాన్సమ్ కట్టే అవసరం తప్పింది. 2023 జనవరిలో ఇది బయటపెడుతూ అప్పటి డైరెక్టర్ క్రిస్టఫర్ రే చెప్పిన మాట నన్ను చాలా బాధపెట్టింది: హైవ్ బాధితుల్లో తామంతట తాము పోలీసులకు చెప్పింది సుమారు 20 శాతం మందే. కీలు పోలీసుల దగ్గర ఉన్నాయి, తమ ఫైల్స్ పోయాయని మిగతావాళ్లు నోరు విప్పి చెప్పలేదు.

దాచినవాళ్ల సంగతికొస్తే, ఊబర్‌లో అప్పటి సెక్యూరిటీ అధిపతి జో సలివన్ కేసు ప్రతి మేనేజర్ తెలుసుకోవాలి. అది ర్యాన్సమ్‌వేర్ కాదు, 2016లో 5.7 కోట్ల మంది డేటా ఎత్తుకెళ్లి డబ్బు అడిగిన వ్యవహారం. లక్ష డాలర్లు ఇచ్చి, దాన్ని బగ్ కనిపెట్టినందుకు ఇచ్చే బహుమతిగా చూపించి, డేటా తీసుకోలేదని వాళ్ల చేత సంతకాలు పెట్టించారు. అప్పటికే ఆ కంపెనీ మీద ప్రభుత్వ విచారణ నడుస్తోంది. 2022 అక్టోబరులో జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది, 2023 మేలో 3 ఏళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో పర్యవేక్షణ) పడింది. దాడి చేసింది ఆయన కాదు, దాన్ని కప్పిపుచ్చినందుకు పడిన శిక్ష అది.

మీరు కంపెనీ కాదు, ఇంట్లో ఒక్క లాప్‌టాప్ లాక్ అయింది అంటే పని చాలా సులువు. భారత్‌లో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. తర్వాత నో మోర్ ర్యాన్సమ్ సైట్‌కి వెళ్లండి. యూరోపోల్, డచ్ పోలీసులు, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో పెట్టిన సైట్ ఇది, లాక్ అయిన ఫైల్ ఒకటి, నోట్ ఒకటి అప్‌లోడ్ చేస్తే అది ఏ రకమో చెప్పి, ఉచిత టూల్ ఉంటే ఇస్తుంది. కంపెనీలు కూడా మొదటి రోజే చూడాల్సిన సైట్. డబ్బు తీసుకుని గ్యారంటీగా తెరుస్తామని ఆన్‌లైన్‌లో తగిలే ప్రైవేటు వ్యక్తులను నమ్మకండి, వాళ్లలో కొందరు వెనక నుంచి ర్యాన్సమ్ కట్టి మీ దగ్గర దాని మీద ఇంకొంత గుంజుతారు.

ఈరోజు టూల్ లేకపోతే రేపు రావచ్చు. లాక్‌బిట్ దగ్గర స్వాధీనం చేసుకున్న కీలు 7,000కు పైగా తమ దగ్గర ఉన్నాయని, బాధితులు వచ్చి అడగాలని ఎఫ్‌బీఐ 2024 జూన్‌లో ప్రకటించింది. అప్పటికి పాత డిస్క్‌లు ఫార్మాట్ చేసినవాళ్లకు ఆ కీలతో పనే లేదు. కాబట్టి బ్యాకప్ నుంచి అంతా తిరిగి తెచ్చుకున్నా సరే, లాక్ అయిన డిస్క్‌లను విడిగా తీసి, వాటి మీద తేదీ, ఎఫ్‌ఐఆర్ నంబరు, హ్యాష్ వాల్యూ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టండి, ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో కూడా నోట్‌బుక్‌లో రాయండి.